ఒకే ట్యూబ్ ఆంప్, నాలుగు రకాల సంగీతం: ఎంపిక నుంచి స్టేజీ దాకా ప్రాజెక్టు డైరీ

హైదరాబాద్‌లో నేను గిటార్ వాయించే చోట్లు నాలుగు రకాలు: ఫంక్షన్ హాళ్లలో సినిమా పాటల బ్యాండ్, ఆదివారం చర్చి, కర్ణాటక రాగాలతో ఫ్యూజన్ చేసే చిన్న బృందం, హెవీ రాక్ బ్యాండ్. వీటన్నిటికీ సరిపోయే మల్టీ ఛానల్ ట్యూబ్ ఆంప్ (వాల్వులతో గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె; ఒక్కో ఛానల్ విడిగా మార్చుకునే ఒక్కో శబ్దం) ఒకటి ఎంచుకుని, మన కరెంటు మీద నమ్మకంగా నడిచేలా చేయడమే ఈ ప్రాజెక్టు. క్యాబినెట్, ట్యూబులు, చిల్లర సామాన్లు అన్నీ కలిపి బడ్జెట్ 2,50,000 రూపాయలు. ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు కొలతలు, ఖర్చులు, పనిచేయనివి అన్నీ దొరకాలని రాస్తున్నాను.

దశ 1: ఏ శబ్దాలు కావాలి

ఆంప్ పేర్లు చూడకముందే కావలసిన శబ్దాలు రాసుకున్నాను.

1. గమకాల క్లీన్ (గరగర లేని శుభ్రమైన శబ్దం). తీగను ఒకసారి మీటి మూడు నాలుగు సెకన్ల పాటు జారు (స్వరం నుంచి స్వరానికి జారడం), కంపితం (స్వరాన్ని ఊపడం) పలికించాలి. స్వరం విరగకూడదు, అంటే గరగర రాకూడదు, మధ్యలో ఆరిపోకూడదు.
2. సినిమా పాటల రిథమ్. పిక్ మెత్తగా తాకితే శుభ్రంగా, గట్టిగా కొడితే కొద్దిగా గరగరలాడుతూ రావాలి.
3. సోలో. పొడవుగా నిలిచే, మిడ్ (మధ్య స్థాయి స్వరాలు) ఎక్కువున్న లీడ్.
4. హెవీ రిఫ్. అరచేతితో తీగలు నొక్కి కొట్టినప్పుడు కింది స్వరాలు బురదగా కలిసిపోకూడదు.

మొదటిదే అన్నిటికన్నా కష్టం. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు ఎలా పలికించారో విన్నవాళ్లకు ఇది తెలుసు: కరెంటు వాయిద్యం మీద గమకం బతకాలంటే క్లీన్ శబ్దానికే నిలకడ ఉండాలి. డిస్టార్షన్ (కావాలని తెచ్చే గరగర) వేస్తే నిలకడ దానంతటదే వస్తుంది కానీ స్వరం అంచు చెరిగిపోతుంది. మల్టీ ఛానల్ ఆంప్ కొనేవాళ్లలో ఎక్కువమంది గెయిన్ ఛానల్‌తో (డిస్టార్షన్ ఎక్కువున్నది) మొదలుపెట్టి వింటారు. నేను క్లీన్‌తో మొదలుపెట్టమంటాను. గెయిన్ తక్కువైతే ముందు ఒక పెడల్ పెట్టి సరిచేయవచ్చు. క్లీన్ బాగోకపోతే దాన్ని బాగుచేసే పెడల్ లేదు.

వాట్ల లెక్క కూడా ఇక్కడే తేలాలి. 50 వాట్ల నుంచి 100కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల వాట్లు. కాబట్టి 100 వాట్లు కోరుకునేది గట్టిగా మోగడానికి కాదు. డ్రమ్స్ పక్కన క్లీన్ స్వరం విరగకుండా ఉండటానికి. మా ప్రాక్టీస్ గదిలో డ్రమ్మర్ దగ్గర ఫోన్ మీటరు 103 డెసిబెల్స్ చూపించింది. ఆ పక్కన క్లీన్ నిలబడాలి.

దశ 2: కాగితం మీద వడపోత

ఛానళ్లు ఎన్ని అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ ఛానళ్లు ఏవేవి పంచుకుంటాయి అన్నదే ప్రశ్న. చాలా ఆంపులలో రెండు ఛానళ్లకు కలిపి ఒకే బాస్, మిడ్, ట్రెబుల్ ఉంటాయి. క్లీన్‌కి సర్దితే హెవీ పాడవుతుంది, హెవీకి సర్దితే క్లీన్ సన్నబడుతుంది. పాటకీ పాటకీ మధ్య వంగి నాబ్‌లు తిప్పాల్సి వస్తే అన్ని ఛానళ్లు ఉండి లాభం లేదు.

జల్లెడకు పెట్టుకున్న ప్రశ్నలు:

1. ప్రతి ఛానల్‌కీ విడి టోన్ నాబ్‌లు, విడి వాల్యూమ్ ఉన్నాయా?
2. సోలో కోసం రెండో మాస్టర్ వాల్యూమ్ (మొత్తం శబ్దాన్ని సర్దేది) ఉందా?
3. పవర్ ట్యూబులు (స్పీకర్‌ను నడిపేవి) మార్చినప్పుడు బయాస్ (వాయించనప్పుడు వాటిలో పారే కరెంటు) సర్దే వీలుందా?
4. లోపలున్నది 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరేనా?

అన్నిటికీ అవునని రాకపోయినా, విని చూడటానికి మిగిలినవి ఇవి.

మార్షల్ జేవీఎం410హెచ్. 2007లో వచ్చింది. 100 వాట్లు, నాలుగు ఈఎల్34 పవర్ ట్యూబులు, ఐదు చిన్న ఈసీసీ83 ట్యూబులు (12ఏఎక్స్7 అన్నా ఇవే). క్లీన్, క్రంచ్ (కొద్ది గరగర), ఓడీ1, ఓడీ2 (ఓవర్‌డ్రైవ్, అంటే ఎక్కువ గరగర) అని నాలుగు ఛానళ్లు, ఒక్కోదానికి ఆకుపచ్చ, నారింజ, ఎరుపు అని మూడు మోడ్‌లు. అంటే మొత్తం 12. టోన్ నాబ్‌లు దేనికవే. ప్రెజెన్స్ (పై స్వరాలు సర్దేది), రెజొనెన్స్ (కింది స్వరాలు సర్దేది) మాత్రం ఉమ్మడి. మాస్టర్లు రెండు.

మెసా బూగీ మార్క్ ఫైవ్. 2009లో వచ్చింది. 90 వాట్లు, నాలుగు 6ఎల్6లు. మూడు ఛానళ్లు, ఒక్కోదానికి మూడు మోడ్‌లు, ఛానల్‌వారీగా 10, 45, 90 వాట్ల ఎంపిక. ముందుభాగంలో ఐదు స్లైడర్ల గ్రాఫిక్ ఈక్యూ (కింది స్వరాల నుంచి పై స్వరాల దాకా విడివిడిగా సర్దేది). బయాస్ స్థిరంగా ఉంటుంది, సర్దడానికి నాబ్ లేదు. ఆ పరిధిలో పనిచేసే ట్యూబులను రంగు గుర్తులతో కంపెనీయే అమ్ముతుంది.

మెసా డ్యూయల్ రెక్టిఫయర్, మూడు ఛానళ్లది. హెవీ రిఫ్‌లకు పేరున్నది. దీనికీ స్థిర బయాసే.

హ్యూస్ అండ్ కెట్నర్ గ్రాండ్‌మైస్టర్ డీలక్స్ 40. నాలుగు ఈఎల్84లు, నాలుగు ఛానళ్లు. నాబ్‌లు ఒకే వరుస అయినా వాటి స్థానాలను 128 ప్రీసెట్‌లుగా మిడి (సంగీత పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే పద్ధతి) ద్వారా దాచుకుంటుంది. బయాస్ తనంతట తనే సర్దుకుంటుంది. పది కిలోల లోపే కాబట్టి మోసేవాళ్లకు వరం.

డాలస్‌లో ఉండే మా బామ్మర్ది ఫోన్ చేసి, "ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో మార్క్ ఫైవ్ మంచి ధరకు ఉంది బావా, వచ్చేటప్పుడు తెచ్చేస్తాను" అన్నాడు. అమెరికాలోని బంధువుల ద్వారా తెప్పించుకోవాలనుకునేవాళ్లు చాలామంది కాబట్టి లెక్క వివరంగా రాస్తున్నాను. అక్కడ అమ్మేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం చేసినది. ఇక్కడ నడపాలంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది వోల్టేజిని తగ్గిస్తుంది కానీ 50 హెర్ట్జ్‌ని 60 చేయదు. 60కే సరిగ్గా లెక్కకట్టిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద మరింత వేడెక్కుతుంది. పైగా స్టెప్‌డౌన్ బరువు, కస్టమ్స్ సుంకం, ఇరవై కిలోలు దాటే ఆంప్‌కి విమానంలో లగేజీ. వద్దన్నాను. 230 వోల్టులకు చేసినది ఇక్కడే వెతుక్కోవడం మేలు.

దశ 3: విని తేల్చుకోవడం

హైదరాబాద్, బెంగళూరు రిహార్సల్ స్టూడియోల్లో అద్దెకు దొరికినవి, తెలిసినవాళ్ల దగ్గర ఉన్నవి విన్నాను. పద్ధతి ఇది:

1. ఒకే గిటార్, ఒకే కేబుల్, రెండు వింటేజ్ 30 స్పీకర్లున్న ఒకే క్యాబినెట్.
2. ముందే వాయించి లూపర్ పెడల్‌లో దాచిన నాలుగు ముక్కలు, ఒక్కో శబ్దానికి ఒకటి.
3. మీటరు క్యాబినెట్ నుంచి రెండు మీటర్ల దూరంలో, చెవి ఎత్తులో.
4. ప్రతి ఆంప్‌నీ 1 డెసిబెల్ తేడా లోపలికి సమం చేసి వినడం. గట్టిగా మోగేదే బాగుందని చెవి మోసపోతుంది. ఈ మెట్టు వదిలేస్తే మిగతాదంతా వృథా.
5. ఆ తర్వాత లూపర్ తీసి చేత్తో వాయించడం. గమకంలో వేళ్లకు తగిలే స్పందన లూపర్‌తో తెలియదు.
6. చివరగా, ఏ నాబూ ముట్టకుండా ఛానళ్లు మారుస్తూ ఒక పూర్తి పాట.

ఆరో మెట్టే అసలు పరీక్ష. విడిగా వింటే నాలుగు ఆంపులూ గొప్పవే.

డ్యూయల్ రెక్టిఫయర్ హెవీ ఛానల్‌లో గోడలా నిలబడింది. అయితే కింది స్వరాలు కాస్త వదులు. ముందు ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్ పెట్టి, దాని గెయిన్ సున్నా, లెవెల్ ఎక్కువ చేస్తే బిగుసుకుంది. ఆ పెడల్ బాస్‌ని కోసి మిడ్‌ని ముందుకు తోస్తుంది కాబట్టి. సినిమా పాటల మధ్యస్థ గరగర మాత్రం నాకు దీనిలో కుదరలేదు.

మార్క్ ఫైవ్ గురించి కాస్త ఎక్కువ రాయాలి. దాని సోలో శబ్దం నేను విన్నవాటిలో అన్నిటికన్నా మంచిది. దీని నాబ్‌లు వేరే తర్కంతో నడుస్తాయి. మార్క్ సిరీస్‌లో టోన్ నాబ్‌లు గెయిన్ దశల కంటే ముందు ఉంటాయి. బాస్ పెంచితే ఆ బాస్ అంతా డిస్టార్షన్‌లోకి వెళ్లి బురదవుతుంది. అందుకే గెయిన్ ఛానల్‌లో బాస్ నాబ్ 1, 2 దగ్గరే ఉంచి, పోయిన బరువును చివర్లో ఉన్న గ్రాఫిక్ ఈక్యూతో తిరిగి తెచ్చుకోవాలి. మామూలు ఆంప్ లాగా అన్నీ 5 మీద పెట్టి విని, ఇది బాగోలేదని వెళ్లిపోయేవాళ్లు చాలామంది. అలా తేల్చేయకండి.

దీన్ని వదిలేయడానికి కారణాలు రెండు. స్లైడర్లు ఒకే వరుస కాబట్టి సోలోకి సర్దిన వంపు క్రంచ్‌కి నచ్చలేదు. రెండోది, స్థిర బయాస్. ఇక్కడ దొరికే ట్యూబులను కొలిచి సర్దుకునే వీలు నాకు కావాలి.

గ్రాండ్‌మైస్టర్ ప్రీసెట్‌ల సౌకర్యానికి సాటి లేదు. చర్చికి, చిన్న వేదికలకు ఇదే చాలు. డ్రమ్స్ పక్కన మాత్రం గమకాల క్లీన్ 100 డెసిబెల్స్ దగ్గర అంచు విరగడం మొదలైంది. నాలుగు ఈఎల్84ల నుంచి అంతకన్నా అడగకూడదు.

జేవీఎం ఏ ఒక్క శబ్దంలోనూ మొదటి స్థానం తెచ్చుకోలేదు, క్రంచ్‌లో తప్ప. కానీ ఆరో మెట్టులో నాబ్ ముట్టకుండా పాట మొత్తం నడిచింది ఇదొక్కటే. క్లీన్ ఆకుపచ్చ మోడ్ డ్రమ్స్ పక్కన 104 దాకా శుభ్రంగా ఉంది. ఎంపిక అయిపోయింది.

ఇప్పటిదాకా ఖర్చు: స్టూడియో అద్దెలు, ప్రయాణం 14,500. మొత్తం 14,500.

దశ 4: పాతది కొనేటప్పుడు చూసినవి

బెంగళూరులో ఒక గిటారిస్టు దగ్గర సెకండ్ హ్యాండ్ జేవీఎం హెడ్ (స్పీకర్లు లేని ఆంప్ పెట్టె) దొరికింది. డబ్బు ఇవ్వకముందు:

1. వెనక రేకు మీద 230 వోల్టులని ఉందా, ఫ్యూజు రేటింగ్ అక్కడ రాసినదేనా. ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేసి ఉంటే లోపల ఏదో దాస్తున్నారని అర్థం.
2. మొత్తం 12 మోడ్‌లు ఫుట్‌స్విచ్‌తో మార్చి చూడటం.
3. నాబ్‌లు తిప్పుతూ గరగర వినడం. కాంటాక్ట్ క్లీనర్‌తో పోయేది పర్వాలేదు.
4. గెయిన్ పెంచి, ప్రీఆంప్ (ముందు దశ) ట్యూబులను పెన్సిల్ రబ్బరు వైపుతో మెల్లగా తట్టడం. తట్టిన శబ్దం స్పీకర్‌లో గంటలా మోగితే ఆ ట్యూబ్ మైక్రోఫోనిక్.
5. అరగంట నడిపి, పవర్ ట్యూబుల లోపలి ప్లేటు ఎర్రబడుతోందా అని చీకట్లో చూడటం.

ఇన్‌పుట్ వైపు రెండో ట్యూబ్ మోగింది. ఒక పవర్ ట్యూబ్ మిగతా మూడింటి కన్నా మసకగా ఉంది. ట్యూబులు అరిగిపోయే వస్తువులు, వాటి ధర బేరంలో తగ్గించుకున్నాను.

రవాణాకి ట్యూబులన్నీ తీసి, సాకెట్ నంబరు రాసి, విడిగా కట్టించాను. చెక్క పెట్టె చేయించడం ఎందుకని అక్కడివాళ్లు అన్నారు కానీ ట్రాన్స్‌ఫార్మర్ల బరువంతా ఒక పక్కే ఉంటుంది, అట్టపెట్టె ఆగదు. చేరేసరికి ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులలో రెండు వదులయ్యాయి. బిగించకుండా స్విచ్ వేయలేదు.

మొదటిసారి వేసేటప్పుడు పవర్ ట్యూబులు లేకుండా, వరుసలో 100 వాట్ల పాత బల్బు పెట్టి వేశాను. బల్బు ఒకసారి వెలిగి మసకబడితే లోపల షార్ట్ లేదు. పూర్తి వెలుగుతో ఉండిపోతే వెంటనే తీసేయాలి. నాది మసకబడింది.

ఈ బల్బు హోల్డర్లు, ఫ్యూజులు కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను. అక్కడ పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరు ఈఎల్34 చూసి, "వాల్వు సెట్టా బాబూ? స్విచ్ ఆపాక కూడా కండెన్సర్లు కరెంటు పట్టుకుని ఉంటాయి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పని చెయ్" అన్నారు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారైన రేడియో వాల్వులు ఆయన అరలో ఇంకా ఉన్నాయి. ఆయన మాట ఇక్కడ రాయడానికి కారణం ఉంది: ఈ ఆంపులలో 450 వోల్టులకు పైనే డీసీ ఉంటుంది, ప్రాణం తీస్తుంది. కెపాసిటర్లను రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. ఈ పని తెలియనివాళ్లు తెలిసిన టెక్నీషియన్ చేత చేయించుకోండి.

ఖర్చు: హెడ్ 1,28,000. పెట్టె, రవాణా 6,200. మొత్తం 1,48,700.

దశ 5: కరెంటు

బయాస్ కంటే ముందు దీన్ని తేల్చాలి. గోడలోంచి వచ్చే వోల్టేజి మారితే లోపల అన్నీ మారతాయి.

ఇంట్లో కొలత 228 నుంచి 246 వోల్టుల మధ్య తిరిగింది, రాత్రి పొద్దుపోయాక ఎక్కువ. ఒక ఫంక్షన్ హాల్లో జనరేటర్ మీదకు మారినప్పుడు 207 చూశాను, లైట్లు ఆపగానే 252. ట్యూబుల ఫిలమెంట్‌కి కావలసింది 6.3 వోల్టులు, పది శాతం అటూ ఇటూ ఓర్చుకుంటాయి. 230కి 6.3 వచ్చేచోట 252కి 6.9 వస్తుంది. హద్దు అదే. ప్లేట్ వోల్టేజి కూడా అదే దామాషాలో ఎగబాకుతుంది: 230 దగ్గర 468 ఉన్నది 246 దగ్గర 500 దాటింది.

మొదట ఫ్రిజ్‌కి వాడే రిలే స్టెబిలైజర్ పెట్టి చూశాను. పనికిరాలేదు. వోల్టేజి మెట్లు మెట్లుగా మారుతూ, రిలే కొట్టుకున్న ప్రతిసారీ స్పీకర్‌లో టక్కుమంది. సర్వో స్టెబిలైజర్ మెల్లగా సర్దుతుంది, 230 మీద రెండు వోల్టుల తేడాతో నిలిచింది. 100 వాట్ల ట్యూబ్ ఆంప్ గోడ నుంచి లాగేది 300, 400 వాట్ల దాకా ఉండొచ్చు. పెడల్ బోర్డుతో కలిపి 1 కేవీఏ సరిపోతుంది.

హాలుకు వెళ్లగానే ఇప్పుడు చేసే పనులు:

1. ఫేజ్ నుంచి న్యూట్రల్‌కి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి వోల్టేజి కొలవడం. రెండోది రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఒక చోట 18 వచ్చింది. ఎర్త్ సరిచేసేదాకా ప్లగ్ పెట్టలేదు, నిర్వాహకులతో అక్కడే మాట్లాడి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం.
2. గిటార్ తీగలకూ పాట మైకు జాలీకీ మధ్య ఏసీ వోల్టేజి కొలవడం. పెదవి మైకుకు తగలకముందే. ఇది ప్రతి గాయకుడికీ చెప్పాల్సిన సంగతి.
3. హమ్ (గుమ్మనే కరెంటు మోత) పోవడానికి ఎర్త్ పిన్ తీసేయమని ఎవరు చెప్పినా వినకపోవడం. ఆ పిన్ లేకపోతే లోపల తప్పు జరిగిన రోజు ఆంప్ చాసిస్, గిటార్ తీగలు రెండూ ఫేజ్ మీద ఉంటాయి.

ఖర్చు: సర్వో స్టెబిలైజర్ 8,500. మొత్తం 1,57,200.

దశ 6: ట్యూబులు, బయాస్

బయాస్ ప్రోబ్ అంటే ట్యూబుకీ సాకెట్‌కీ మధ్య పెట్టి కరెంటు చదివే పరికరం. పాత ట్యూబుల లెక్క, ప్లేట్ 468 వోల్టుల దగ్గర:

1వ సాకెట్ 41 మిల్లీఆంపియర్లు
2వ సాకెట్ 39
3వ సాకెట్ 29
4వ సాకెట్ 44

ఈఎల్34 గరిష్ఠంగా 25 వాట్ల వేడి భరిస్తుంది. ఇలాంటి ఆంపులకు అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు పై హద్దుగా పెట్టుకుంటారు. 17.5ని 468తో భాగిస్తే 37.4 మిల్లీఆంపియర్లు. నాలుగో ట్యూబ్ 20.6 వాట్ల మీద, అంటే 82 శాతం మీద ఉడుకుతోంది. మూడోది 54 శాతం మీద చల్లగా పడి ఉంది. చూపుకి మసకగా కనిపించింది ఇదే. ప్రోబ్ చదివే కరెంటులో స్క్రీన్ గ్రిడ్‌ది (ట్యూబులోని ఇంకో భాగం) కూడా కొన్ని మిల్లీఆంపియర్లు కలిసి ఉంటుంది కాబట్టి ప్లేటుది కొంచెం తక్కువే. అయినా జాగ్రత్త వైపే లెక్క వేసుకోవడం మంచిది.

సరిపోల్చిన కొత్త నాలుగు ఈఎల్34లు వేశాను. 2022లో రష్యా ఎగుమతులు ఆగుతాయన్న వార్తతో ట్యూబుల ధరలు ఎగిరాక, దొరికినప్పుడు ఒక జత ఎక్కువ కొని ఉంచుకోవడం అలవాటైంది. స్లొవేకియాలోని జేజే ఫ్యాక్టరీవి ఇక్కడ కాస్త తేలిగ్గా దొరుకుతున్నాయి.

మెట్లు:

1. స్పీకర్ కలిపి, అన్ని వాల్యూములు సున్నాలో. స్పీకర్ లేకుండా ట్యూబ్ ఆంప్ ఎప్పుడూ నడపకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.
2. ట్రిమ్మర్‌ను (బయాస్ సర్దే చిన్న నాబ్) చల్లటి వైపుకి, అంటే కరెంటు తగ్గే వైపుకి తిప్పి స్విచ్ వేయడం.
3. పది నిమిషాలు వేడెక్కాక, ఒక్కొక్క మిల్లీఆంపియర్ పెంచుతూ 35 దగ్గర ఆపడం.
4. ప్లేట్ మళ్లీ కొలవడం: 471. 471 వోల్టులు, 35 మిల్లీఆంపియర్లు, 16.5 వాట్లు, అంటే 66 శాతం.
5. అరగంట తర్వాత ఇంకోసారి చూడటం. 36కి పాకింది, అలాగే వదిలేశాను.

38కి పెంచి కూడా విన్నాను. క్రంచ్ కాస్త మెత్తబడింది, గమకాల క్లీన్‌లో తేడా వినపడలేదు. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో ఆరుబయట స్టేజీ మీద నడవాల్సిన ఆంప్‌కి 35 చాలు.

ప్రీఆంప్‌లో మోగే ట్యూబ్ మార్చాను. ఇంకో ప్రయోగం కూడా: ఇన్‌పుట్ వైపు మొదటి ట్యూబ్ తీసి 5751 పెట్టడం. 12ఏఎక్స్7కి గెయిన్ అంకె 100, దీనికి 70. క్లీన్ ఇంకా శుభ్రపడుతుందని ఆశ. శుభ్రపడింది కానీ ఆ ట్యూబ్ అన్ని ఛానళ్లకూ ఉమ్మడి. క్రంచ్‌లో పిక్ గట్టిగా కొట్టినా విరగడం ఆగిపోయింది. మళ్లీ 12ఏఎక్స్7 పెట్టేశాను. ఒక్క ఛానల్ కోసం ఉమ్మడి ట్యూబ్ మార్చకండి.

ఖర్చు: నాలుగు ఈఎల్34లు 12,400. బయాస్ ప్రోబ్ 5,000. ప్రీఆంప్ ట్యూబులు 4,200. మొత్తం 1,78,800.

దశ 7: క్యాబినెట్

ఆంప్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా స్పీకర్ మీద పెట్టరు చాలామంది. నా అనుభవంలో ఒక స్పీకర్ మార్పు మూడు ట్యూబుల మార్పు కంటే ఎక్కువ వినిపిస్తుంది.

బర్చ్ ప్లైతో రెండు 12 అంగుళాల స్పీకర్ల పెట్టె ఇక్కడి వడ్రంగి చేత చేయించాను. మొదట రెండూ వింటేజ్ 30లే. హెవీ, సోలో అద్భుతం. గమకాల క్లీన్‌లో మాత్రం పై మిడ్‌లు చెవిని పొడిచాయి, ముఖ్యంగా పై తీగ మీద జారు ముగిసేచోట. ట్రెబుల్ తగ్గిస్తే స్వరం మూగబోయింది.

పాత పద్ధతి గ్రీన్‌బ్యాక్ స్పీకర్ ఒకటి కలుపుదామనుకున్నా వాట్లు ఒప్పుకోలేదు. గ్రీన్‌బ్యాక్ భరించేది 25 వాట్లు. సమాంతరంగా కలిపిన రెండు స్పీకర్లు సగం సగం పంచుకుంటాయి కాబట్టి ఆ క్యాబినెట్ మొత్తం 50 వాట్లకే పరిమితం. 100 వాట్ల హెడ్ కింద అది నిలవదు. క్రీమ్‌బ్యాక్ జీ12హెచ్-75 అయితే 75 వాట్లు. వింటేజ్ 30 భరించేది 60 కాబట్టి రెండూ కలిపి 120 దాకా నిశ్చింత. సున్నితత్వం (ఒక వాటుకి ఇచ్చే శబ్దం) రెండిటికీ 100 డెసిబెల్స్ కాబట్టి ఒకటి ఇంకోదాన్ని మింగేయదు.

రెండు 16 ఓమ్‌ల స్పీకర్లు సమాంతరంగా, 8 ఓమ్‌లు. హెడ్ వెనక సెలెక్టర్ కూడా 8 మీద. మీటరుతో జాక్ దగ్గర కొలిస్తే 6.5 ఓమ్‌లు వచ్చింది. డీసీ నిరోధం ఎప్పుడూ స్పీకర్ మీద రాసిన ఓమ్‌ల కంటే తక్కువే కాబట్టి ఇది సరైన అంకే. దానికి బదులు 12, 13 వస్తే ఒక స్పీకర్ తెగిపోయి ఇంకోటి ఒంటరిగా ఉన్నట్టు.

కలిపాక బాస్ సన్నగా వినిపించింది. 9 వోల్టుల బ్యాటరీని జాక్‌కి ఒక్క క్షణం తగిలిస్తే ఒక కోన్ ముందుకు, ఇంకోటి వెనక్కి కదిలాయి. పాత స్పీకర్ మీద ఎర్ర గుర్తు ముందు యజమాని దగ్గరే తారుమారై ఉంది. తీగలు మార్చగానే కింది స్వరాలు తిరిగొచ్చాయి. క్యాబినెట్ చేయించుకునే ప్రతివాళ్లూ ఈ బ్యాటరీ పరీక్ష చేయాలి, నిమిషం కూడా పట్టదు.

ఖర్చు: పెట్టె 16,000. వాడిన వింటేజ్ 30 ఒకటి 14,000. క్రీమ్‌బ్యాక్ 17,500. మొత్తం 2,26,300.

దశ 8: లూప్, హమ్, స్టేజీ వాల్యూమ్

డిలే, రివర్బ్ పెడల్స్‌ను ఎఫెక్ట్స్ లూప్‌లో (ఆంప్ ముందు దశకూ పవర్ దశకూ మధ్య పెడల్స్ కలిపే దారి), కంప్రెసర్ (గట్టి శబ్దాలను అణచి హెచ్చుతగ్గులు తగ్గించే పెడల్), ఓవర్‌డ్రైవ్‌లను ముందు పెట్టాను. నాలుగు కేబుళ్లతో కలపగానే హమ్. క్రమంగా వెతికితే:

1. లూప్ కేబుళ్లు తీస్తే పోయింది. ఆంప్ తప్పు కాదు.
2. పెడల్స్‌కి బ్యాటరీ పెడితే కూడా ఉంది. అడాప్టర్ తప్పు కాదు.
3. ముందు కేబుల్, లూప్ కేబుల్ రెండూ ఆంప్ ఎర్త్‌నే రెండు దారుల్లో మోస్తున్నాయి. అదే చుట్టు. లూప్ తిరుగుదారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఐసోలేటర్ పెట్టగానే ఆగింది.

లూప్ లెవెల్ లైన్ (ఎక్కువ స్థాయి) మీద ఉంటే చిన్న పెడల్స్‌లో శబ్దం విరిగింది, తక్కువ లెవెల్‌కి మార్చాను. శబ్దమంతా పెడల్స్ గుండా వెళ్లే సీరియల్‌లోనే ఉంచాను. సమాంతరంలో పెడితే కొన్ని డిజిటల్ పెడల్స్ అసలు శబ్దాన్ని కూడా కొద్దిపాటి ఆలస్యంతో తిరిగి పంపి, స్వరాన్ని పలచబరుస్తాయి.

చర్చిలో 100 వాట్లకు చోటు లేదు. మాస్టర్ బాగా తగ్గిస్తే క్రంచ్‌లో జీవం పోయింది. రియాక్టివ్ లోడ్ బాక్స్ 20 డెసిబెల్స్ తగ్గిస్తుంది, అంటే వంద వంతుల్లో ఒక వంతు: 100 వాట్లు 1 వాటు అవుతుంది. పవర్ ట్యూబులు పనిచేస్తూనే ఉంటాయి, పాటలు పాడే పెద్దల చెవులకూ ఇబ్బంది లేదు. లోడ్ బాక్స్ ఓమ్‌లు, సెలెక్టర్ ఓమ్‌లు ఒకటేనని చూసుకోవాలి.

ఖర్చు: ఐసోలేటర్ 2,400. వాడిన లోడ్ బాక్స్ 22,500. మొత్తం 2,51,200. బడ్జెట్ 1,200 దాటింది.

దశ 9: ఛానళ్లను ఒకదానితో ఒకటి కలపడం

మొదట మీటరు సగటు చూసి నాలుగు ఛానళ్లనూ 98 డెసిబెల్స్‌కి సమం చేశాను. బ్యాండ్‌తో వాయిస్తే కుదరలేదు. క్లీన్‌లో సగటు 98 ఉన్నా మీటిన క్షణం 107కి ఎగిరింది. హెవీలో అదే సగటుకి శిఖరం 101 మాత్రమే, డిస్టార్షన్ శిఖరాలను కోసేస్తుంది కాబట్టి. క్లీన్‌కి మారగానే మొదటి మీటు అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. ఆ వెంటనే స్వరం డ్రమ్స్ కింద మునిగింది.

క్లీన్ ముందు కంప్రెసర్ తేలిగ్గా వేస్తే శిఖరం 102కి దిగింది, తోక పెరిగింది. గమకానికి కావలసిన నిలకడ కూడా ఇక్కడే దొరికింది: రిషభం మీద కంపితం చివరిదాకా వినిపిస్తోంది. అటాక్ (కంప్రెసర్ పని మొదలుపెట్టే వేగం) నెమ్మదిగా పెట్టాలి. వేగంగా పెడితే మీటు మొద్దుబారుతుంది.

ఇప్పుడున్న అమరిక:

1. గమకాలు: క్లీన్ ఆకుపచ్చ, గెయిన్ 4, బాస్ 4, మిడ్ 6, ట్రెబుల్ 4.
2. సినిమా పాటలు: క్రంచ్ ఆకుపచ్చ, గెయిన్ 6, బాస్ 5, మిడ్ 6, ట్రెబుల్ 5. గిటార్ వాల్యూమ్ 6కి తగ్గిస్తే దాదాపు క్లీన్.
3. సోలో: ఓడీ2 ఆకుపచ్చ, గెయిన్ 5, మిడ్ 7, రెండో మాస్టర్ 3 డెసిబెల్స్ పైన.
4. హెవీ: ఓడీ1 నారింజ, గెయిన్ 4, బాస్ 4, మిడ్ 5, ముందు ఓవర్‌డ్రైవ్.

ఎక్కువ గెయిన్ ఉన్న ఓడీ2 హెవీకి అని ఎవరైనా అనుకుంటారు. ఓడీ2లో మిడ్ నాబ్ పట్టుకునే స్థానం మిగతా ఛానళ్ల కంటే కిందికి ఉంటుంది. ఒంటరిగా వాయిస్తే బరువుగా, బాగుంటుంది. బాస్ గిటార్ కలిసిన వెంటనే ఇద్దరూ ఒకే చోట తోసుకుంటారు. ఓడీ1 వాళ్ల పైన కూర్చుంటుంది. ఆ కింది మిడ్ సోలోకి మాత్రం గొంతులా పలికింది, అందుకే సోలో అక్కడికి మారింది.

ఉమ్మడిగా ఉన్న రెజొనెన్స్ దగ్గర రాజీ పడాల్సి వచ్చింది. హెవీకి 7 కావాలి, 7 పెడితే క్లీన్‌లో కింది తీగ గుమ్మంటోంది. 4.5 దగ్గర ఆపి, ప్రెజెన్స్ 4 ఉంచాను.

స్టేజీ సంచీలో ఎప్పుడూ ఉండేవి: వెనక రేకు మీద రాసిన రేటింగ్ ఫ్యూజులు, సరిపోల్చిన ఈఎల్34 జత, రెండు 12ఏఎక్స్7లు, మీటరు, రెండో స్పీకర్ కేబుల్. గిటార్ కేబుల్‌ను స్పీకర్‌కి వాడకూడదు, దాని సన్నటి తీగ ఆ కరెంటు మోయలేదు.

మిగిలిన పని: ఓడీ1లో చేతులు ఆపినప్పుడు వచ్చే హిస్. నాయిస్ గేట్‌ని (వాయించనప్పుడు శబ్దం మూసే పెడల్) ముందు పెడితే సోలో తోకలు తెగుతున్నాయి. గిటార్ సంకేతాన్ని చూసి లూప్‌లో మూసే నాలుగు జాక్‌ల గేట్ ఒకటి తెలిసిన బాసిస్ట్ దగ్గర ఉంది. తెచ్చి, మూసే సమయం కొలిచి, ఆ అంకెలు ఇక్కడే చేరుస్తాను.